ఇంటి డీవీడీల్లోని వీడియోను బయటికి తీసి మళ్లీ మిక్సింగ్ చేసుకోవడం ఎలా?

"అక్క పెళ్లి డీవీడీ సగం దాకా ఆడి ఆగిపోతోంది, ఏం చేయాలి?" అని ఒకరు అడుగుతారు. "నాలుగు డిస్కుల వీడియోను గంటకు కుదించి పెన్‌డ్రైవ్‌లో వేసుకోవడం ఎలా?" అని ఇంకొకరు అడుగుతారు. విశాఖలో నాకు తెలిసిన ఇళ్లలో ఈ రెండు ప్రశ్నలూ ఇన్నిసార్లు వినిపించాయి కాబట్టి, పని మొత్తాన్ని మొదటి నుంచి చివరి దాకా ఒకేచోట రాసి పెట్టడం మంచిదనిపించింది. మన ఊళ్లో ఈ పనిని వాయిదా వేయకూడదు. సముద్రపు గాలిలోని తేమ బీరువాలోకి కూడా చేరుతుంది. ప్లాస్టిక్ పౌచ్‌లో ఏళ్ల తరబడి కదలకుండా ఉన్న డిస్కుకు ఆ పౌచ్ అతుక్కుపోవడం, డిస్కు మీద సాలెగూడు దారాల్లా బూజు పట్టడం నేను చాలా ఇళ్లలో చూశాను.

అన్నింటికంటే ముందు గుర్తుంచుకోవలసిన మాట ఒకటుంది. డిస్కులో ఉన్నది ఉన్నట్టుగా పూర్తి కాపీ తీసుకునే వరకు కటింగ్ గురించీ, పాటల గురించీ ఆలోచించవద్దు. చాలామంది డిస్కు పెట్టగానే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ తెరుస్తారు. డిస్కు మళ్లీ మళ్లీ తిరిగి వేడెక్కుతుంది, చదవడం ఆగిపోతుంది, ఆ తర్వాత కాపీ తీయడానికి కూడా అవకాశం ఉండదు.

ఇక్కడ చెప్పేదంతా మీరు తీసుకున్న, లేదా మీ కోసం స్టూడియోవారు తీసిచ్చిన డీవీడీలకు మాత్రమే వర్తిస్తుంది. బజారులో కొన్న సినిమా డిస్కులకు తాళాలూ హక్కులూ వేరుగా ఉంటాయి, వాటి జోలికి నేను వెళ్లడం లేదు.

సమకూర్చుకోవలసినవి

• డీవీడీ డ్రైవ్ ఉన్న కంప్యూటర్, లేదా యూఎస్‌బీతో తగిలించుకునే డీవీడీ రైటర్. దాన్ని హబ్‌కు కాకుండా నేరుగా కంప్యూటర్ పోర్టుకే తగిలించండి. కరెంటు చాలకపోతే డ్రైవ్ మధ్యలో ఆగి ఆగి తిరుగుతుంది, మనం డిస్కు పాడైందని పొరబడతాం.
• ఒక్కో డిస్కుకు కనీసం 15 జీబీ ఖాళీ స్థలం. మామూలు డీవీడీలో 4.7 జీబీ పడుతుంది, కంప్యూటర్ దాన్నే 4.37గా చూపిస్తుంది. ఇమేజ్ (డిస్కులో ఉన్నదంతా ఒకే ఫైలుగా తీసిన కాపీ), దాని నుంచి తీసిన వీడియో, మిక్సింగ్ చేసిన వీడియో మూడూ ఒకేసారి ఉంచుకోవాలి.
• మెత్తని మైక్రోఫైబర్ గుడ్డ, ఐసోప్రొపైల్ ఆల్కహాల్. అది దొరకకపోతే రెండు చుక్కల గిన్నెల సబ్బు కలిపిన నీళ్లు చాలు.
• ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్: డిస్కు ఇమేజ్ తీయడానికి ఇమ్‌గ్‌బర్న్, వీడియో తీయడానికి మేక్‌ఎంకేవీ, ముక్కలు కోయడానికి లాస్‌లెస్‌కట్, మార్పిడికి హ్యాండ్‌బ్రేక్, మిక్సింగ్‌కు షాట్‌కట్, చూసుకోవడానికి వీఎల్‌సీ. వీటన్నింటినీ తయారుచేసినవారి సొంత సైట్ల నుంచే దింపుకోండి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు అదనపు ప్రోగ్రాములకు టిక్ పెట్టి ఉంటే తీసేయండి.

1. డిస్కును పరీక్షించి శుభ్రం చేయండి

డిస్కును అంచులు పట్టుకుని ట్యూబ్‌లైటు కింద ఏటవాలుగా పెట్టి చూడండి. వేలిముద్రలు, గీతలు, మబ్బు పట్టినట్టున్న మచ్చలు అప్పుడే కనబడతాయి. తుడిచేటప్పుడు మధ్య రంధ్రం దగ్గర మొదలుపెట్టి అంచు వైపు నిలువుగా తుడవాలి, గుండ్రంగా తిప్పుతూ తుడవకూడదు. డేటా వృత్తాకారంలో ఉంటుంది కాబట్టి అదే దిశలో పడిన గీత ఒకేచోట ఎక్కువ సమాచారాన్ని మింగేస్తుంది, అడ్డంగా పడిన గీతను మాత్రం డ్రైవ్ చాలావరకు సర్దుకుంటుంది. థిన్నర్, పెట్రోలు, టూత్‌పేస్టు వాడవద్దు. పౌచ్‌కు అతుక్కున్న డిస్కును బలంగా లాగకుండా, పౌచ్ అంచును కత్తిరించి మెల్లగా విప్పండి.

అంచు వైపు మచ్చలుంటే ప్రత్యేకంగా జాగ్రత్త పడాలి. డీవీడీ లోపలి నుంచి బయటికి రికార్డవుతుంది. అందువల్ల నిండా రాసిన డిస్కులో బయటి అంచున ఉండేది చివరి ఘట్టమే, అంటే చాలా పెళ్లి డిస్కుల్లో అప్పగింతలు. మా పిన్ని పెళ్లి సింహాచలం కొండ మీద జరిగింది. దాని మూడో డిస్కు అంచున వేలి గోరంత వెడల్పున తెల్లని మసక ఉండేది. సరిగ్గా అక్కడే అమ్మమ్మ పిన్ని చేతులను అల్లుడి చేతుల్లో పెట్టే దృశ్యం ఉంది. ఆ దృశ్యాన్ని ఎలా రాబట్టానో 4వ మెట్టులో చెబుతాను.

2. డిస్కులో ఏముందో గుర్తించండి

డిస్కును తెరిచి చూస్తే మూడు రకాల పరిస్థితుల్లో ఏదో ఒకటి కనిపిస్తుంది.

వీడియో_టీఎస్ అనే ఫోల్డర్ ఉండి, అందులో వీఓబీ, ఐఎఫ్ఓ, బీయూపీ అనే మూడు రకాల ఫైళ్లుంటే అది మామూలు డీవీడీ. స్టూడియోలు ఇచ్చినవి దాదాపు ఇవే.

డీవీడీ_ఆర్‌టీఏవీ అనే ఫోల్డర్‌లో వీఆర్ఓ ఫైలు ఉంటే అది వీడియో రికార్డింగ్ పద్ధతిలో తీసినది. దీని విషయంలో మేక్‌ఎంకేవీ పనికిరాదు. ఆ ఫైలును కంప్యూటర్‌లోకి కాపీ చేసి, చివరి మూడక్షరాలను ఎంపీజీగా మార్చితే వీఎల్‌సీలో ఆడుతుంది. రికార్డింగులన్నీ ఒకే ఫైలులో వరుసగా కలిసి ఉంటాయి, వాటిని తర్వాత విడదీసుకోవచ్చు.

మూడోది, డిస్కు ఖాళీగా ఉన్నట్టు కనిపించడం. 8 సెంటీమీటర్ల చిన్న డిస్కులతో నడిచే హ్యాండీక్యామ్‌లు వాడినవారికి ఇది తరచూ ఎదురవుతుంది. రికార్డింగ్ అయ్యాక ఫైనలైజ్ చేయకపోవడమే, అంటే వేరే ప్లేయర్లు కూడా చదవగలిగేలా డిస్కును ముగించకపోవడమే కారణం.

హెచ్చరిక: ఇలాంటి డిస్కు పెట్టినప్పుడు "ఈ డిస్కును ఎలా వాడదలచుకున్నారు?" అనో, "ఫార్మాట్ చేయాలా?" అనో విండోస్ అడగవచ్చు. ఎట్టి పరిస్థితుల్లోనూ ఒప్పుకోవద్దు, రద్దు చేసి డిస్కును బయటికి తీయండి. పాత కెమెరా అటక మీద ఉంటే దించి, ఛార్జరు తగిలించి, ఆ కెమెరాలోనే ఫైనలైజ్ చేయండి. కెమెరా లేకపోతే ఐసోబస్టర్ వంటి సాఫ్ట్‌వేర్ ఇలాంటి డిస్కులను కూడా చదువుతుంది.

3. డిస్కు మొత్తాన్ని ఇమేజ్‌గా తీసుకోండి

ఇమ్‌గ్‌బర్న్ తెరిచి, డిస్కు నుంచి ఇమేజ్ ఫైలు తయారుచేసే ఎంపికను నొక్కండి. ఎక్కడ దాచాలో చూపించి, చదివే వేగాన్ని తక్కువకు పెట్టి మొదలుపెట్టండి. డిస్కు బాగుంటే పావుగంట, ఇరవై నిమిషాల్లో ఒకే ఐఎస్ఓ ఫైలు వస్తుంది. మ్యాక్‌లో డిస్క్ యుటిలిటీతోనే ఈ పని జరుగుతుంది.

ఫైలు పేరులో సంవత్సరాన్ని ముందుంచండి: "2005-పిన్ని-పెళ్లి-డిస్కు-3" అన్నట్టుగా. "న్యూ ఫోల్డర్", "పెళ్లి ఫైనల్", "పెళ్లి ఫైనల్ 2" అని పెట్టుకున్నవారు ఆరు నెలల తర్వాత ఏది అసలో, ఏది కోసినదో చెప్పలేకపోతారు.

వీఓబీ ఫైళ్లను లాగి కాపీ చేసుకుంటే చాలదా అని అడుగుతారు. చాలదు. డీవీడీలో వీడియో ఒక్కోటి సుమారు 1 జీబీ ఉండే ముక్కలుగా విడిపోయి ఉంటుంది. ఏ ముక్క తర్వాత ఏది, ఏ చాప్టరు ఎక్కడ మొదలవుతుంది అన్న లెక్క ఐఎఫ్ఓ ఫైళ్లలో ఉంటుంది. వీఓబీలను మాత్రమే తెచ్చి ఎడిటర్‌లో పక్కపక్కన పెడితే అతుకుల దగ్గర మాట తెగుతుంది, కొన్నిసార్లు అక్కడి నుంచి పెదవులకూ మాటకూ పొంతన ఉండదు. ఇంకో పొరపాటు, టీవీలో డీవీడీ ఆడిస్తూ ఫోనుతో చిత్రీకరించడం. డిస్కు చదవగలిగే స్థితిలో ఉన్నంతకాలం దయచేసి అలా చేయకండి.

4. మధ్యలో చదవలేకపోతే

డ్రైవ్ గరగరమని చప్పుడు చేస్తూ, శాతం కదలకుండా ఉండిపోతే కంగారు పడవద్దు. ఈ వరుసలో ప్రయత్నించండి.

మొదట ఆపి, డిస్కును చల్లారనిచ్చి, మళ్లీ తుడిచి, ఇంకా తక్కువ వేగంతో చదివించండి. అప్పటికీ కాకపోతే వేరే డ్రైవ్‌లో పెట్టండి. ఒక డ్రైవ్ చదవలేని డిస్కును మరో కంపెనీ డ్రైవ్ సాఫీగా చదవడం చాలా మామూలు విషయం. పాత డెస్క్‌టాప్‌లోని పెద్ద డ్రైవ్‌లు ఈ పనిలో పల్చని యూఎస్‌బీ డ్రైవ్‌ల కంటే ఓపికైనవని నా అనుభవం. బంధువుల ఇంట్లో మూలన పడి ఉన్న పాత కంప్యూటర్‌ను అడిగి తెచ్చుకోవడానికి మొహమాటపడకండి.

రెండు డ్రైవ్‌లూ ఒకేచోట ఆగితే డీడీరెస్క్యూ అనే ఉచిత సాధనం ఉంది. ఇది విండోస్‌కు బదులు వాడే లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్‌లో నడుస్తుంది. బాగున్న భాగాలను ముందుగా తీసేసి, చదవలేని చోట్లను ఒక మ్యాప్ ఫైలులో రాసుకుని, తర్వాత వాటి దగ్గరికే తిరిగి వస్తుంది. ఆ మ్యాప్ ఫైలు ఉన్నందువల్ల డిస్కును ఇంకో డ్రైవ్‌లో పెట్టి, మిగిలిపోయిన చోట్లను మాత్రమే చదివించవచ్చు. పిన్ని మూడో డిస్కుకు నేను చేసింది ఇదే. మొదటి డ్రైవ్ అంచు దగ్గర దాదాపు నాలుగు నిమిషాల వీడియోను వదిలేసింది. రాత్రంతా రెండో డ్రైవ్‌లో నడవనిస్తే, తెల్లవారేసరికి పదకొండు సెకన్లు తప్ప అంతా వచ్చింది. అమ్మమ్మ చేతులు వణకడం, పక్కనున్నవారు ఆవిడ భుజం పట్టుకోవడం అన్నీ ఉన్నాయి.

లినక్స్ అలవాటు లేనివారు ఇమ్‌గ్‌బర్న్‌లోనే చదవలేని చోట్లను దాటుకుంటూ పోయే ఎంపికను వాడవచ్చు. ఆ చోట్ల చిత్రం గళ్లు గళ్లుగా పగులుతుంది, మిగిలినదంతా దక్కుతుంది. ఏ డిస్కులో ఏ నిమిషం దగ్గర లోపం ఉందో కాగితం మీద రాసుకోండి. అదే పెళ్లి డిస్కులు ఇంకో బంధువు ఇంట్లో ఉంటే, ఆ ముక్కను వారి దగ్గరి నుంచి తెచ్చి అతికించవచ్చు.

5. ఇమేజ్ నుంచి వీడియో తీయండి

మేక్‌ఎంకేవీలో ఐఎస్ఓ ఫైలును తెరిస్తే డిస్కులోని టైటిళ్ల, అంటే విడివిడి వీడియోల జాబితా వస్తుంది. కావలసినవాటికి టిక్ పెట్టి నొక్కితే ఒక్కో టైటిల్ ఒక్కో ఎంకేవీ ఫైలుగా వస్తుంది. ఇక్కడ నాణ్యత రవ్వంత కూడా తగ్గదు, పైనున్న డబ్బా, అంటే ఫైలు రకం మారుతుంది, లోపలి ఎంపెగ్-2 వీడియో అలాగే ఉంటుంది.

తెరవడానికి ముందు సెట్టింగుల్లో కనిష్ఠ టైటిల్ నిడివిని చూడండి. మామూలుగా అది 120 సెకన్లుగా ఉంటుంది, అంతకంటే చిన్న రికార్డింగులను ఈ సాఫ్ట్‌వేర్ పక్కన పెట్టేస్తుంది. హ్యాండీక్యామ్ డిస్కుల్లో బిడ్డ మొదటి అడుగులు నలభై సెకన్లే ఉండవచ్చు. ఆ అంకెను 1కి మార్చండి. తర్వాత వచ్చిన ఫైళ్ల నిడివినంతా కూడి, డీవీడీ ప్లేయర్ చూపించే నిడివితో సరిపోల్చండి. తేడా ఉంటే ఏదో టైటిల్ తప్పిపోయినట్టే.

6. ఏది ఉంచాలో రాసుకుని, తర్వాత కోయండి

వీఎల్‌సీలో వీడియో చూస్తూ, నోట్‌బుక్‌లో నిమిషాలతో సహా జాబితా రాయండి: 12:40 జీలకర్ర బెల్లం, 31:05 తలంబ్రాలు, 58:20 మేనమామ మాటలు. నాలుగు గంటల వీడియోకు ఇది ఒక సాయంత్రం పని. వీలైతే పెద్దవాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని చేయండి. భోజనాల బంతిలో ఎవరి పక్కన ఎవరున్నారో చెప్పగలిగేది వారే. ఆ పేర్లను కూడా రాసి పెట్టుకోండి.

అటూ ఇటూ కోయడమే మీ పని అయితే లాస్‌లెస్‌కట్ చాలు. ఇది మళ్లీ ఎన్‌కోడ్ చేయకుండా కోస్తుంది కాబట్టి నిమిషాల్లో అయిపోతుంది, నాణ్యత చెక్కుచెదరదు. అయితే ఇది కీఫ్రేముల (పూర్తి చిత్రం దాచి ఉండే ఫ్రేముల) దగ్గరే కోయగలదు. మన దేశపు టీవీ పద్ధతి అయిన పాల్‌లో తీసిన డీవీడీల్లో అవి సుమారు అర సెకనుకొకటి వస్తాయి. కాబట్టి మీరు అనుకున్న చోటికి ఒక సెకను ముందే కోత పెట్టండి, లేకపోతే మాట మొదటి అక్షరం పోతుంది.

స్టూడియోవారు చేర్చిన గులాబీ పూల ఫ్రేములు, గుండ్రంగా తిరిగే ఫొటోలు తీసేయాలనిపిస్తుంది, తీసేయవచ్చు. పాట విషయం వేరు. పెళ్లి మాటల మీద సినిమా పాట మిక్స్ చేసి ఉంటే, ఆ రెండూ కలిసిపోయిన తర్వాత పాటను మాత్రమే శుభ్రంగా వేరు చేయడం దాదాపు అసాధ్యం. అందుకే ఒక సలహా ఇస్తున్నాను. మిక్సింగ్ చేయని అసలు క్యాసెట్ ఎక్కడైనా మిగిలిందేమో ముందు కనుక్కోండి. స్టూడియోవారినీ, పెళ్లికొడుకు తరఫు వారినీ అడగండి. క్యాసెట్ దొరికితే అది డీవీడీ కంటే మేలైన మూలం, దానిలో మనుషుల మాటలు మాటలుగానే ఉంటాయి.

7. దువ్వెన గీతలు, ముఖాల వెడల్పు

ఈ మెట్టులోనే ఎక్కువమంది తప్పు చేస్తారు. మన డీవీడీ వీడియో సెకనుకు 25 ఫ్రేములు, ఒక్కో ఫ్రేమూ రెండు సగాలుగా, ఒక సగంలో సరి గీతలు, మరో సగంలో బేసి గీతలు ఉండేలా తీసినది. పాత టీవీలో ఇది కనపడదు. కంప్యూటర్‌లో మాత్రం పెళ్లికూతురు చేయి కదిపితే గాజుల చుట్టూ దువ్వెన పళ్లలా గీతలు వస్తాయి.

హ్యాండ్‌బ్రేక్‌లో ఎంకేవీని తెరిచి, ఫిల్టర్ల పేజీలో డీఇంటర్లేస్ కింద బీడబ్ల్యూడిఫ్‌ను, దాని ప్రీసెట్‌గా బాబ్‌ను ఎంచుకోండి. ఆ సగాలు రెండూ విడి ఫ్రేములుగా మారి సెకనుకు 50 ఫ్రేముల వీడియో వస్తుంది, కదలిక టీవీలో చూసినంత సాఫీగా ఉంటుంది. పాత కంప్యూటర్ మోయలేకపోతే 25 ఫ్రేములతో సరిపెట్టుకోవచ్చు. మొత్తం మార్చే ముందు, బాగా కదలిక ఉన్న పది సెకన్లను మాత్రం మార్చి చూడండి. నడుస్తున్న మనిషి ముందుకూ వెనక్కూ ఊగుతున్నట్టు కనిపిస్తే సగాల వరుస తిరగబడిందని అర్థం, ఫీల్డ్ వరుసను మార్చి మళ్లీ ప్రయత్నించండి.

రెండోది ముఖాల వెడల్పు. డిస్కులో చిత్రం 720×576గా ఉంటుంది గానీ దాని చుక్కలు చతురస్రాలు కావు. 4:3 వీడియోను 768×576గా, 16:9 వీడియోను 1024×576గా మార్చాలి. చిత్రంలో పళ్లెమో, గడియారమో గుండ్రంగా కనిపిస్తే లెక్క సరిపోయినట్టు. 4:3 చిత్రాన్ని టీవీ నిండా సాగదీయవద్దు, పక్కల నల్లటి ఖాళీ ఉంటే ఉండనివ్వండి.

పాత వీడియోను కృత్రిమ మేధతో హెచ్‌డీగా మార్చమని కొందరు అడుగుతారు. ముఖాలను "మెరుగుపరిచే" సాధనాలు లేని వివరాలను ఊహించి గీస్తాయి. కాలం చేసిన తాతగారి ముఖం ఆయన ముఖం కాకుండా పోతుంది. నేను ఆ పని చేయను, ఎవరికీ చేయమని చెప్పను.

8. మిక్సింగ్ చేసి బయటికి తీయండి

మిక్సింగ్ చేయదలిస్తే, 7వ మెట్టులోని వీడియోను హ్యాండ్‌బ్రేక్‌లో నాణ్యతను చూపే ఆర్‌ఎఫ్ అంకె 16 దగ్గర పెట్టి తీసుకోండి. షాట్‌కట్‌లో అదే కొలతతో, సెకనుకు 50 ఫ్రేములతో ప్రాజెక్టు తెరిచి, మీ జాబితా ప్రకారం ముక్కలను పేర్చండి. మిక్సింగ్ అయ్యాక హెచ్.264లో, నాణ్యత శాతం పక్కన కనిపించే సీఆర్‌ఎఫ్ అంకె 18 నుంచి 20 మధ్య ఉండేలా, ఎంపీ4గా బయటికి తీయండి. ఈ అంకె తగ్గేకొద్దీ నాణ్యతా పెరుగుతుంది, ఫైలూ పెరుగుతుంది. మార్చిన వీడియోనే మళ్లీ తెచ్చి ఇంకోసారి మార్చడం అలవాటు చేసుకోవద్దు. ప్రతి మార్పిడిలోనూ కొంత పోతుంది. సవరణ కావాలంటే ప్రాజెక్టు ఫైలు తెరిచి అక్కడే చేయండి.

యూట్యూబ్‌లో పెట్టాలనుకుంటే, సినిమా పాటలున్న వీడియోకు హక్కుదారుల అభ్యంతరం రావచ్చు. పాట లేని భాగాలతో వేరే కూర్పు చేసుకోవడం మేలు. వాట్సాప్‌లో వీడియోగా పంపితే చిత్రం బాగా నలిగిపోతుంది. డాక్యుమెంట్‌గా పంపండి, అది 2 జీబీ దాకా వెళ్తుంది.

9. ఫలితాన్ని తనిఖీ చేయండి

మొదటి నిమిషం చూసి సరిపెట్టుకోకండి. ప్రారంభం, మధ్య, చివరి ఐదు నిమిషాలు తప్పక చూడండి. మాటకూ పెదవులకూ మధ్య తేడా చివరికి వచ్చేసరికి పెరుగుతుంది. మంగళవాద్యాల ఘట్టం ఇందుకు మంచి పరీక్ష, డోలు మీద పుల్ల పడిన క్షణమే చప్పుడు వినిపించాలి. ముక్కలు అతికించిన ప్రతి చోటా రెండు సెకన్లు ముందు నుంచి వినండి.

తర్వాత పెన్‌డ్రైవ్‌లో వేసి టీవీలో చూడండి. ఫైలు 4 జీబీ దాటితే ఎఫ్‌ఏటీ32 పెన్‌డ్రైవ్ తీసుకోదు. ఎక్స్‌ఫ్యాట్‌లోకి ఫార్మాట్ చేసుకోవాలి, లేదా వీడియోను రెండు భాగాలు చేసుకోవాలి. కొన్ని టీవీలు తెలుగు పేర్లను డబ్బాలుగా చూపిస్తాయి కాబట్టి పెన్‌డ్రైవ్‌లోని ఫైలుకు ఇంగ్లీషు అక్షరాల్లో పేరు పెట్టండి.

10. దాచుకోవడం

ఐఎస్ఓ ఫైళ్లనూ, మిక్సింగ్ చేసిన వీడియోనూ రెండు వేర్వేరు హార్డ్‌డిస్కుల్లో ఉంచండి. ఒకటి మీ ఇంట్లో కాకుండా వేరే ఊళ్లోని తోబుట్టువుల దగ్గర ఉండాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మన ఊరి మీద పడినప్పుడు మా ఇంటి కిటికీ అద్దాలు పగిలి, గోడ బీరువాలోకి నీళ్లు చేరాయి. ఆల్బములూ డిస్కులూ ఒకే అరలో ఉండటంతో రెండూ ఒక్కసారే తడిశాయి. కాపీ చేసిన ఫైలు చెడలేదని తేల్చుకోవడానికి సెవెన్‌జిప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఎస్‌హెచ్‌ఏ-256 సంఖ్యను (ఫైలుకు వేలిముద్ర లాంటిది) లెక్కించి, అసలుదీ కాపీదీ ఒకటేనా అని చూడండి.

కాపీ అయిపోయిందని డిస్కులను పారేయవద్దు. పౌచ్‌లలోంచి తీసి గట్టి డబ్బాల్లో నిలువుగా, సిలికా జెల్ పొట్లంతో పాటు ఉంచండి. కాపీ తీసిన తేదీని డిస్కు మీద స్టిక్కరు అంటించి రాయవద్దు, దాని వల్ల డిస్కు తిరిగేటప్పుడు తూకం తప్పుతుంది. మధ్య రంధ్రం చుట్టూ ఉండే పారదర్శకమైన వలయం మీద, నీటితో కలిపిన సిరా ఉండే మెత్తని మార్కరుతో రాయండి.